రెండు మాటల మెసేజ్, నాలుగు నెలల మౌనం: ఏది రాయాలి, ఏది మాట్లాడాలి?

తూనీగ | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రాయాలా వద్దా అని చాలా రోజులు ఆగి, ఇవాళ రాస్తున్నాను.

మా అక్కకీ నాకూ నాలుగు నెలలుగా మాటల్లేవు. గొడవ పడలేదు. ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోలేదు. అమ్మ ఎవరి దగ్గర ఉండాలన్న విషయం మీద నేనొక మెసేజ్ పెట్టాను. అక్క "నీ ఇష్టం" అని జవాబిచ్చింది. జరిగింది అంతే.

ఆ జవాబు వచ్చే ముందు "టైప్ చేస్తున్నారు" అని పైన కనిపించింది. ఆగిపోయింది. మళ్ళీ కనిపించింది. నాలుగైదు నిమిషాలు అదే చూస్తూ కూర్చున్నాను. అంతసేపు రాసి చివరికి పంపింది ఆ రెండు మాటలు. మిగతాదంతా రాసి చెరిపేసిందని నాకు అర్థమైపోయింది, లేదా అర్థమైందనుకున్నాను. తిరిగి "సరే." అని పెట్టాను. చుక్క కూడా పెట్టాను. మామూలుగా నేను చుక్కలు పెట్టే మనిషిని కాదు.

"నీ ఇష్టం" ఎలాంటి మాటో మీకు చెప్పక్కర్లేదు. భుజం మీద చెయ్యేసి అంటే "నీకెలా బాగుంటే అలా చెయ్యి" అని. మొహం తిప్పుకుని అంటే "ఇక నన్నడక్కు" అని. అక్క ఎదురుగా ఉండి ఉంటే ఆ రెండిట్లో ఏదో నాకు చిటికెలో తెలిసేది. ముప్ఫై ఏళ్ళుగా ఆ మొహం చూస్తున్నాను.

అక్క అమ్మకి రోజూ ఫోన్ చేస్తుంది. నన్ను మాత్రం పిలవమనదు. నేనూ వెళ్ళి అందుకోను.

ఏ సంగతి మెసేజ్‌లో రాయొచ్చు, ఏది ఫోన్లో చెప్పాలి, ఏది ఎదురుగా కూర్చుని మాట్లాడాలి? ఇలాంటిది మీలో ఎవరికైనా జరిగిందా? ఇప్పుడు నేను ఎక్కణ్ణుంచి కదపాలి?

---

గోరింక | ఆదివారం, రాత్రి 11:05

తూనీగ గారూ, ఇంకేం ఆలోచించకండి, ఫోన్ చేసేయండి. మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే, మిగతా 93 శాతం గొంతులోనూ ముఖంలోనూ ఉంటుందని మా ఆఫీసు ట్రైనింగ్‌లో చెప్పారు. మెసేజ్ అంటే ఆ 7 శాతంతోనే బతకడం. ముఖ్యమైనది ఏదైనా సరే మాట్లాడాలి, రాయకూడదు. నా మటుకు నాకిది రూలు.

---

ఎర్రసిరా | సోమవారం, ఉదయం 7:20

గోరింక గారూ, ఆ 93 శాతం లెక్క గురించి కొంచెం చెప్పాలి. నేను మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్తాను కాబట్టి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఆ అంకె పట్టుకొస్తారు. అది ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. అక్కడ వినిపించింది విడి మాటలు, వాటికి గొంతు, ముఖం పొసగకుండా పెట్టారు. మాట ప్రేమగా, గొంతు విసుగ్గా ఉంటే వినేవాళ్ళు దేన్ని నమ్ముతారు? ఆయన చూసింది ఈ ఇష్టాయిష్టాల సంగతి ఒక్కటే. అన్ని మాటలకూ అది వర్తించదని ఆయనే చెప్పాడు. లేకపోతే తెలియని భాషలో సినిమా చూసినా 93 శాతం అర్థమైపోవాలి కదా.

అయితే "నీ ఇష్టం" విషయంలో మీరన్నది నిజమే. అది సరిగ్గా ఆయన పరీక్షించినలాంటి మాటే.

తూనీగ గారికి నేను చెప్పదలచుకున్నది వేరే. 2005లో క్రూగర్, ఎప్లీ అనే పరిశోధకులు, ఇంకొందరు కలిసి ఒక ప్రయోగం చేశారు. కొన్ని వాక్యాలు ఎత్తిపొడుపుగా, కొన్ని మామూలుగా ఇంకొకరికి అందజేయాలి. కొందరు గొంతుతో చెప్పారు, కొందరు ఈమెయిల్‌లో పంపారు. అవతలివాళ్ళు ఎంతవరకు సరిగ్గా పట్టుకుంటారని ముందే అడిగితే, ఎలా పంపినా సుమారు 78 శాతం అన్నారు. గొంతు విన్నవాళ్ళు 73 శాతం దాకా పట్టుకున్నారు. ఈమెయిల్ చదివినవాళ్ళు 56 శాతమే. కళ్ళు మూసుకుని చెప్పినా సగం ఒప్పవుతాయి, దానికంటే కాస్త ఎక్కువ, అంతే.

నేను క్లాసులో ఎక్కువసేపు ఆగేది ఆ 78 దగ్గర. రాసేవాళ్ళకి తమ గొంతు తమకి వినిపిస్తూనే ఉంటుంది. అది అక్షరాలతో పాటు వెళ్ళడం లేదని వాళ్ళకి తట్టదు.

దీనికంటే ముందు 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని చేసిన పని ఇంకా సులువుగా అర్థమవుతుంది. అందరికీ తెలిసిన పాటల్ని బల్ల మీద వేళ్ళతో తాళం కొట్టమంది. వినేవాళ్ళు పాట ఏదో చెప్పాలి. సగం మందైనా కనిపెడతారని కొట్టినవాళ్ళు అనుకున్నారు. మొత్తం 120 పాటల్లో 3 మాత్రమే దొరికాయి. కొట్టేవాడి తలలో పాట మొత్తం మోగుతోంది, అవతల వినపడేది ఉత్త టకటక.

అందుకని ఒక మాట అడగనా? అక్క రాసింది మాకు చెప్పారు. మీరేం రాశారో చెప్పలేదు.

---

చిన్నక్షరం | సోమవారం, ఉదయం 8:02

ఒక ఇమోజీ పెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో అక్కా. మా ఫ్రెండ్స్‌లో ఎవరైనా చివర్లో ఏమీ పెట్టకుండా "సరే" అంటే, ఏమైందిరా అని వెంటనే అడిగేస్తాం. చుక్క పెడితే ఇంక టెన్షనే.

---

ఎర్రసిరా | సోమవారం, ఉదయం 8:30

చుక్క సంగతి నిజమే. చుక్కతో ముగిసిన పొట్టి జవాబులు మనసులోంచి వచ్చినట్టు అనిపించవని 2016లో ఒక పరిశోధనలో తేలింది. అవే జవాబుల్ని చేత్తో కాగితం మీద రాసి చూపిస్తే ఆ తేడా రాలేదు. అంటే ఆ కటువుదనం చుక్కలో లేదు, మెసేజ్‌లో చుక్క పెట్టడంలో ఉంది. ఉత్తరాలతో పెరిగిన మా తరం చుక్క పెట్టడం మర్యాద అనుకుంటుంది. మా అమ్మాయికి నేను పంపే ప్రతి మెసేజూ కోపంగానే కనిపించేదట. ఆ మాట తను చెప్పడానికి రెండేళ్ళు పట్టింది.

ఇమోజీ మీద మాత్రం అంత భరోసా పెట్టుకోకు నాన్నా. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు అదే 2016లో ఒకే బొమ్మని వేరువేరు మనుషులకి చూపిస్తే, అది మంచి భావమా చెడు భావమా అన్నదాంట్లోనే నాలుగోవంతు సార్లు పొత్తు కుదరలేదు.

---

తీగలపని | సోమవారం, మధ్యాహ్నం 1:15

టెలిఫోన్ రంగంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. "ఫోన్ చేస్తే అంతా అర్థమవుతుంది" అనే మాట దగ్గర నేను కొంచెం ఆగుతాను.

పాత ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) మధ్య ఉన్న శబ్దాన్నే మోస్తుంది. మాట తెలియడానికి అది చాలు, మనిషి మొత్తం రావడానికి చాలదు. "స", "ఫ" లాంటి అక్షరాల్లో గాలి చప్పుడు చాలావరకు ఆ 3400కి పైనే ఉంటుంది. అందుకే ఫోన్లో పేరు చెప్పాలంటే "సీతలో స" అని విడదీయాల్సి వస్తుంది. కొత్త లైన్లు 7000 దాకా మోస్తాయి. గొంతులో వణుకు, ఊపిరి, నీళ్ళు మింగిన చప్పుడు వాటిలో కొంత తెలుస్తాయి.

వీడియో కాల్‌లో వచ్చే చిక్కు ఆలస్యం. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదోవంతు. 2009లో పది భాషల్లో కొలిచి చూశారు, భాష మారినా పెద్దగా తేడా లేదు. మనకి పుట్టుకతో వచ్చిన లయ లాంటిదది. లైను దానికి ఇంకో అర సెకను కలిపిందనుకోండి. మీరు అడుగుతారు, అవతల మౌనం. నిజానికి ఆ మౌనం తీగది. మీరు మాత్రం "ఎందుకు తటపటాయిస్తోంది?" అనుకుంటారు. 2014లో జర్మనీలో దీన్ని పరీక్షిస్తే, ఆలస్యం పెరిగేకొద్దీ అవతలి మనిషికి శ్రద్ధ లేదని, స్నేహంగా లేడని మార్కులు వేశారు. తప్పు లైనుదని చాలామందికి తట్టనే లేదు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చూసింది అదే. పరికరం చేసిన తప్పు మనిషి ఖాతాలో పడుతుంది. తూనీగ గారూ, "టైప్ చేస్తున్నారు" అని కనపడి ఆగిన ఆ నాలుగైదు నిమిషాలు కూడా అలాంటివే అయి ఉండొచ్చు. ఎవరో తలుపు కొట్టి ఉండొచ్చు. అక్షరాలు తప్పు పడి చెరిపి ఉండొచ్చు.

---

వేళ్ళమాట | సోమవారం, సాయంత్రం 6:48

నాకు పుట్టుకతో వినికిడి లేదు. ఇక్కడ రాస్తున్నవన్నీ శ్రద్ధగా చదివాను.

"ముఖ్యమైనది ఏదైనా ఫోన్లోనే చెప్పాలి" అనే రూలు ఉన్న ఇంట్లో నేను పెరిగాను. ఫోన్ మోగేది. అందరూ దాని చుట్టూ చేరేవాళ్ళు. ముఖాలు మారేవి. నేను ఎవరి చెయ్యి పట్టుకుని అడిగినా "తర్వాత చెప్తా" అనేవాళ్ళు. మా తాతగారు పోయిన సంగతి నాకు ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది, ఒక కాగితం మీద మూడు మాటల్లో. అప్పటికి అందరి ఏడుపూ సగం అయిపోయింది. నేనొక్కణ్ణే మొదటినుంచి ఏడ్చాను.

మెసేజ్‌లు వచ్చాక నా జీవితం మారింది. మొదటిసారి నాకూ అందరితో పాటే కబురు తెలిసింది. వీడియో కాల్ వచ్చాక నా స్నేహితులతో మా సంజ్ఞా భాషలో రాత్రంతా మాట్లాడుకున్నాం. మా భాషలో ముఖం వ్యాకరణంలో భాగం. కనుబొమలు పైకెత్తితే అది ప్రశ్న. కాబట్టి ముఖం విలువ నాకు తెలియక కాదు చెప్తున్నది.

ఫలానాది మంచి మార్గం, ఫలానాది చెడ్డది అనే ముందు, ఎవరికి అని కూడా అడగండి. అంతే నా మనవి.

---

గోరింక | సోమవారం, రాత్రి 7:30

వేళ్ళమాట గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నా రూలు గురించి అంత ధీమాగా చెప్పకుండా ఉండాల్సింది. మా టీమ్‌లో ఒకతను కాల్స్‌లో నోరు విప్పడు, రాతలో మాత్రం చక్కగా చెప్తాడు. అతనికి ఆసక్తి లేదని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. రేపు అతణ్ణి అడుగుతాను, ఏది సులువుగా ఉంటుందని.

---

నైట్‌డ్యూటీ | సోమవారం, రాత్రి 11:50

నేను ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీ మారేటప్పుడు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి రోగులు వస్తారు. మా పనిలో అన్నిటికంటే భయపడాల్సిన పావుగంట అది.

ఒకసారి సాయంత్రం సిస్టర్ బస్సు వేళైందని కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నాలుగో బెడ్ ఎదురుగా "గమనిస్తూ ఉండాలి" అని రాసి ఉంది. ఆ మాట మేం సగం మందికి రాస్తాం. బీపీ, నాడి, జ్వరం అన్నీ ఫర్వాలేదన్నట్టే ఉన్నాయి. రాత్రి రెండింటికి ఆయన పరిస్థితి తారుమారైంది. డాక్టర్ వేళకి రావడంతో బతికాడు. మర్నాడు ఆ సిస్టర్ కంగారుగా వచ్చి, "నాకు సాయంత్రం నుంచే మనసు కీడు శంకిస్తోంది, ఆయన రంగు బాలేదు" అంది. ఆ మాట కాగితంలో లేదు. కాగితంలో దానికి గడి లేదు. ఎదురుగా నిలబడి చెప్పి ఉంటే ఆవిడ కళ్ళల్లో నాకు కనిపించేది.

దీనికి తిరగేసింది కూడా చూశాను. నోటితో చెప్పిన డోసు. ఫోన్లో "ఫిఫ్టీన్" అంటే "ఫిఫ్టీ"గా వినిపిస్తుంది. అందుకే మేం "ఒకటి, ఐదు" అని అంకెలు విడదీసి చెప్తాం, విన్నవాళ్ళు రాసుకుని తిరిగి చదువుతారు, చెప్పినవాళ్ళు అవునంటారు. అప్పుడే అది చెప్పినట్టు లెక్క.

నోటిమాట, కాగితం రెండూ ఒక పద్ధతిలో జత చేస్తే ఏమవుతుందో అమెరికా, కెనడాల్లో 9 పిల్లల ఆసుపత్రుల్లో చూశారు. ఆ ఫలితం 2014లో వచ్చింది. వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయి. ఆ పద్ధతిలో ఆఖరి మెట్టు ఏమిటంటే, విన్నవాళ్ళు తమకి అర్థమైంది తమ మాటల్లో తిరిగి చెప్పాలి.

ఇంట్లో మనం ఆ మెట్టు ఎక్కనే ఎక్కం. "నువ్వన్నది నాకిలా అర్థమైంది, అంతేనా?" అని అక్కనో అమ్మనో అడగడానికి ఎందుకో నోరు రాదు.

---

తీగలపని | మంగళవారం, ఉదయం 6:10

నైట్‌డ్యూటీ గారు తిరిగి చదవడం గురించి చెప్పారు కాబట్టి, మా రంగంలో ప్రతివాళ్ళూ తెలుసుకోవాల్సిన ఒక ఘోరం గురించి రాస్తాను.

1977 మార్చి 27. స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే ద్వీపంలో విమానాశ్రయం, పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు పెద్ద విమానాలు. టవర్‌తో మాటలన్నీ రేడియోలోనే, ఒకే ఫ్రీక్వెన్సీలో. ఆ రేడియోలో ఒకసారి ఒకరే మాట్లాడాలి. కేఎల్‌ఎం అనే డచ్ కంపెనీ విమానం వాళ్ళు టేకాఫ్ మొదలుపెడుతున్నట్టు ఇంగ్లిష్‌లో ఏదో అస్పష్టంగా అన్నారు. టవర్ "ఓకే" అని, కొంచెం ఆగి, "టేకాఫ్‌కి ఆగండి, నేను పిలుస్తాను" అంది. సరిగ్గా ఆ క్షణంలోనే రెండో విమానం, పాన్ ఆమ్ వాళ్ళు, "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అని చెప్పారు. రెండు మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో కీచుమనే శబ్దం వచ్చింది. వాళ్ళకి తేటగా వినపడింది ఆ "ఓకే" ఒక్కటే. 583 మంది పోయారు.

కారణాలు ఇంకా ఉన్నాయి, తొందర, మంచు, పైలట్ల మధ్య పెద్దా చిన్నా తేడా. కానీ ఎప్పుడు చదివినా నేను ఆ "ఓకే" దగ్గరే ఆగిపోతాను. ఆ తర్వాత రేడియో భాషే మార్చారు. "టేకాఫ్" అనే మాట నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకునేటప్పుడో తప్ప వాడరు. అనుమతికి జవాబుగా "సరే" చాలదు, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి.

---

తర్జుమా | మంగళవారం, ఉదయం 10:25

అనువాదం చేసేవాణ్ణి. నేను రాత తరఫున ఒక మాట చెప్తాను.

1962 అక్టోబర్‌లో క్యూబా క్షిపణుల సంక్షోభం. అమెరికా అధ్యక్షుడు కెనడీ, సోవియట్ యూనియన్ నేత క్రుశ్చేవ్‌ల మధ్య ఉత్తరం వెళ్ళాలంటే సంకేతలిపిలో పెట్టి, పంపి, విప్పి, అనువదించడానికి గంటలు గంటలు పట్టేది. చివరికి 28న క్రుశ్చేవ్ తన జవాబుని మాస్కో రేడియోలో చదివించాల్సి వచ్చింది. అది తొందరగా చేరే దారి కాబట్టి. మరుసటి ఏడాది, 1963 జూన్ 20న, రెండు దేశాలూ నేరుగా ఒక లైను పెట్టుకోవడానికి జెనీవాలో ఒప్పందం చేసుకున్నాయి. అందరూ దాన్ని ఎర్ర ఫోన్ అనుకుంటారు. ఫోన్ కాదు. అక్షరాలు కొట్టే టెలిటైప్.

కావాలనే అలా పెట్టుకున్నారు. ఎవరి భాషలో వాళ్ళు పంపాలి, అందుకున్నవాళ్ళు అనువదించుకోవాలి. గొంతు అయితే పరాయి భాషలో తొందరపడి ఒక మాట జారుతుంది, దుబాసీ కంగారులో ఇంకోలా చెప్తాడు, ఆవేశం చెవిలో పడ్డాక వెనక్కి తీసుకోలేం. అక్షరమైతే చదివి, మళ్ళీ చదివి, పక్కవాళ్ళతో ఆలోచించి జవాబివ్వచ్చు.

ఎదురుగా మాట్లాడటమే ఎప్పుడూ మేలని నాకనిపించదు. కొన్నిసార్లు ఆ ముఖమే మన బుద్ధిని పనిచేయనివ్వదు.

---

వేపనీడ | మంగళవారం, మధ్యాహ్నం 2:40

తర్జుమా గారు చెప్పింది నా ఇంటి కథ. మా నాన్నతో నోటితో ఏదీ చెప్పలేకపోయేదాన్ని. నేను సగం వాక్యంలో ఉండగానే ఆయన జవాబు మొదలయ్యేది. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. చదువు మానేసి వేరే పనిలోకి వెళ్తానని చెప్పడానికి ఏడాది పాటు ప్రయత్నించాను. ప్రతిసారీ మూడో మాట దగ్గర ఏడుపు వచ్చేసేది, విషయం పక్కకి పోయి నా ఏడుపు మీద చర్చ జరిగేది.

ఒక రాత్రి ఆరు పేజీలు రాసి ఆయన కళ్ళజోడు కింద పెట్టాను. పొద్దున వాకిట్లో కూర్చుని చదవడం కిటికీలోంచి చూశాను. మొదటి పేజీ దగ్గర నుదురు ముడిపడింది. నోరు తెరిచారు. ఎదురుగా ఎవరూ లేరు. మళ్ళీ చదవడం మొదలుపెట్టారు. నా మాట ఆయన చివరిదాకా విన్నది జీవితంలో అదే మొదటిసారి. ఆ తర్వాత ఎదురుగా మాట్లాడుకున్నాం, అదీ రెండు రోజులాగి.

---

తూనీగ | మంగళవారం, రాత్రి 9:15

ఎర్రసిరా గారూ, మీరడిగిన ప్రశ్నకి రెండు రోజులు జవాబివ్వలేదు. మీరు అడిగాక పైకి వెళ్ళి నా మెసేజ్ వెతికి చదివాను. ఉన్నదున్నట్టు ఇదీ:

"అమ్మ ఈ ఆర్నెల్లు నా దగ్గరే ఉంటుంది అక్కా. కంటి డాక్టర్ ఇక్కడ దగ్గర. సరేనా"

నేను బతిమాలుతున్నట్టు రాశాననే ఈ నాలుగు నెలలూ అనుకున్నాను. నా చెవిలో అది అలాగే ఉంది.

---

గోరింక | మంగళవారం, రాత్రి 9:32

ఏమీ అనుకోకండి. నాకు అది తీర్మానం చెప్పినట్టుంది. చివర్లో "సరేనా" ఉంది గానీ, అడిగినట్టు లేదు.

---

చిన్నక్షరం | మంగళవారం, రాత్రి 9:40

నాకు మామూలుగానే అనిపించింది. మా అక్క నాకు ఇలాగే రాస్తుంది.

---

నైట్‌డ్యూటీ | మంగళవారం, రాత్రి 9:58

"ఉంటుంది" అన్నారు. "ఉంచుకోనా" అని లేదు. ఒక్క క్రియే తేడా. ఫోన్లో అయితే "ఉంటుంది అక్కా" అని సాగదీసి ఉండేవారు, ఆ సాగదీయడంలోనే బతిమాలడం తెలిసేది.

---

ఎర్రసిరా | మంగళవారం, రాత్రి 10:30

తూనీగ గారూ, ఇది ఇక్కడ పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు.

మీ మొదటి ప్రశ్నకి ఇప్పుడు నాకు తోచింది చెప్తాను. 1980లలో రిచర్డ్ డాఫ్ట్, రాబర్ట్ లెంగెల్ అనే ఇద్దరు సంస్థల్లో కబుర్లు ఎలా నడుస్తాయో పరిశీలించి ఒక తేడా చూపించారు. సంగతి తెలియకపోవడం ఒకటి. సంగతికి రెండు మూడు అర్థాలు ఉండటం ఇంకొకటి. మొదటిదానికి కాగితం చాలు, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎన్నింటికో రాస్తే చాలు. రెండోదానికి ఎంత రాసినా చాలదు, వెంటనే అడిగి, వెంటనే సర్దుకుని, ముఖం చూస్తూ ఒక అర్థానికి రావాలి. తర్వాత డెనిస్, వాలసిచ్ వాళ్ళు దాన్ని ఇంకాస్త సవరించారు. ఒకే పనిలో రెండూ కలిసి ఉంటాయి, చేరవేయాల్సినది నిదానంగా చదువుకునేలా ఇవ్వాలి, ఒక మాట మీదకి రావాల్సినప్పుడు ఇద్దరూ ఒకే సమయంలో ఉండాలి అని. వేపనీడ గారు చేసింది సరిగ్గా అదే. ముందు ఆరు పేజీలు, తర్వాత ఎదురుగా మాట.

మీ మెసేజ్‌లో కంటి డాక్టర్ దగ్గరన్నది చేరవేయాల్సిన సంగతి. అమ్మ ఎవరి దగ్గర ఉండాలన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సిన సంగతి. రెండూ ఒకే గీతలో వెళ్ళిపోయాయి.

ఇబ్బందిగా ఉంటుందని ఫోన్ చేయలేకపోతున్నారేమో. 2021లో కుమార్, ఎప్లీ చూసింది మీకు పనికొస్తుంది. పాత స్నేహితుల్ని పలకరించమంటే, ఫోన్ అయితే ఇబ్బందిగా ఉంటుందని చాలామంది ఈమెయిల్ వైపు మొగ్గారు. తీరా మాట్లాడినవాళ్ళకి అనుకున్నంత ఇబ్బంది కలగలేదు, దగ్గరితనం మాత్రం రాసినవాళ్ళకంటే ఎక్కువ కలిగింది.

---

గోరింక | మంగళవారం, రాత్రి 10:44

నేరుగా ఫోన్ కష్టమనిపిస్తే వాయిస్ మెసేజ్ పంపొచ్చు కదా?

---

తీగలపని | మంగళవారం, రాత్రి 11:02

వాయిస్ మెసేజ్‌లో గొంతు ఉంటుంది, వంతు ఉండదు. మధ్యలో "అది కాదే" అనడానికి అక్కకి వీల్లేదు. మూడు నిమిషాలు ఏకధాటిగా వినాలి. పలకరింపుకైతే బాగుంటుంది. పేచీ తీర్చుకోవడానికి నేనైతే వాడను.

---

తూనీగ | గురువారం, రాత్రి 11:20

నిన్న మాట్లాడాను.

ముందు ఇలా రాశాను: "అక్కా, నీతో మాట్లాడాలని ఉంది. గొడవకి కాదు. రాత్రి 9కి ఫోన్ చెయ్యనా?" పంపే ముందు నాలుగుసార్లు చదువుకున్నాను, నా గొంతుతో కాకుండా అక్క గొంతుతో. జవాబు నిమిషంలో వచ్చింది. "ఇప్పుడే చెయ్యి."

చేశాను. ఎత్తింది. ఇద్దరం మాట్లాడలేదు. అవతల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి "ఏమే" అంది. అంతే, నాకు దుఃఖం ఆగలేదు. చిన్నప్పుడు నేను అలిగి మంచం కింద దూరితే వంగి చూసి ఇలాగే "ఏమే" అనేది.

అక్కకి కోపం వచ్చిన మాట నిజమేనట. "నువ్వు అడగలేదే, చెప్పావు" అంది. "నాకూ అమ్మని తెచ్చుకోవాలనే ఉంది, గది కూడా సర్దాను. అదంతా రాయబోయాను. రాస్తే దెబ్బలాటలా ఉంది, రాసింది అలాగే ఉండిపోతుంది కదా అని చెరిపేశాను. నీ ఇష్టం అని మాత్రం మనస్ఫూర్తిగానే అన్నాను, కోపం పోయాకే పంపాను." నా "సరే." చూసి బావకి ఫోన్ చూపించిందట, "చూడండి, ఎలా తెగేసి రాసిందో" అని. ఆ చుక్క గురించి కూడా చెప్పింది. నేను పెట్టేటప్పుడు ఏమనుకుంటూ పెట్టానో సరిగ్గా అదే అక్కకి తగిలింది. అక్క మాట నేను తప్పుగా చదివాను, నా మాట అక్క సరిగ్గానే చదివింది.

అప్పటికి అమ్మ పక్కన కూర్చుని ఉంది. స్పీకర్ పెట్టాను. అంతా విని, "ఇదా మీ బాధ? నాతో అక్క రోజూ మాట్లాడుతుంది, నువ్వు ఇంట్లోనే ఉన్నావు. ఎక్కడ ఉంటావమ్మా అని నన్ను ఒక్కరైనా అడిగారా?" అంది.

అమ్మకి శుక్లాలు. తెర మీద అక్షరాలు కనిపించవు, బటన్ల ఫోనే వాడుతుంది. ఆవిడ గురించిన మాటలన్నీ ఆవిడ చదవలేని చోట జరిగాయి. ఆ మెసేజ్‌ల్లో నేను ఏ క్రియ వాడాలన్నది తప్ప, అమ్మ ఇందులో ఎక్కడుందన్నది నాకు ఒక్కసారి కూడా తోచలేదు. వేళ్ళమాట గారూ, సోమవారం మీరు "ఎవరికి అని కూడా అడగండి" అన్నప్పుడు బాగా రాశారనుకున్నాను గానీ, అది నా ఇంటి సంగతి అనుకోలేదు.

ఆపరేషన్ అయ్యేదాకా నా దగ్గర, తర్వాత అక్క దగ్గర ఉంటానంది అమ్మ. ఆవిడే చెప్పింది.

---

వేళ్ళమాట | శుక్రవారం, ఉదయం 7:05

చాలా సంతోషం. ఆపరేషన్ రోజు ముందుగా అమ్మగారికి ఏం చేయబోతున్నారో పక్కన కూర్చుని చెప్పండి. కంటికి కట్టు కట్టాక చెయ్యి పట్టుకోండి, పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఆవిడకి తెలుస్తుంది. నేను చీకట్లో మా అమ్మతో అలాగే మాట్లాడతాను, అరచేతిలో వేలితో రాసి.

---

తూనీగ | శుక్రవారం, ఉదయం 7:40

అలాగేనండీ. మీరు రాసింది ఇప్పుడే అమ్మకి చదివి వినిపించాను. అరచెయ్యి చాపి, "ఏదీ, నువ్వూ రాయి" అంది. "అక్క ఆదివారం వస్తోంది" అని రాశాను. రెండోసారికి పట్టుకుంది.